బ్యాటరీ ఆరోగ్యం ఎవరికి తెలియాలి?

సెకండ్ హ్యాండ్ పెట్రోల్ బండి కొనేవారు ఇంజన్ చప్పుడు విని, పొగ చూసి, తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లి బేరం తేల్చుకుంటారు. ఎలక్ట్రిక్ స్కూటర్ దగ్గర ఆ విద్య పనిచేయదు. ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. అది ఎంత అరిగిందో పైకి కనబడదు. మీటరు 100 శాతం చార్జ్ చూపుతున్నా, అసలు సామర్థ్యంలో 70 శాతమే మిగిలి ఉండొచ్చు.

వాడేకొద్దీ గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌పై పలుచని పొర పెరిగి, కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది. సెల్‌ను విప్పకుండా దాన్ని నేరుగా కొలవడం కష్టం. అందుకే వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రతల రికార్డుల నుంచి అరుగుదలను అంచనా వేసే డేటా ఆధారిత పద్ధతులు వచ్చాయి. 2019లో ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, టొయోటా పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు 124 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ను వేగంగా చార్జ్ చేస్తూ పరీక్షించారు. కొన్ని సుమారు 150 సైకిళ్లకే 80 శాతం సామర్థ్యానికి పడిపోయాయి, కొన్ని 2,300 దాకా నిలిచాయి. తొలి 100 సైకిళ్లలో చాలావాటి సామర్థ్యం తగ్గిన జాడే లేదు. అయినా 10వ, 100వ డిశ్చార్జ్ వోల్టేజి రేఖల మధ్య ఉన్న చిన్నపాటి తేడాను బట్టి, ఆయుష్షును సుమారు 9 శాతం పొరపాటుతో ముందే చెప్పగలిగారు. పైగా ఆ డేటానంతా అందరికీ అందుబాటులో పెట్టారు. నిజానికి మెచ్చుకోవలసింది ఈ పనినే.

అయితే ఆ సెల్స్ అన్నీ ఒకే రకానివి. పరీక్ష జరిగింది 30 డిగ్రీల చాంబర్‌లో. రామగుండం మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ముగ్గురిని ఎక్కించుకుని గతుకుల్లో తిరిగే ఆటో బ్యాటరీకి ఆ చాంబర్ సూత్రం యథాతథంగా వర్తిస్తుందనుకోవడం పొరపాటు. ఏ నమూనా అయినా తాను చూసిన డేటా పరిధిలోనే నమ్మదగినది. మన ఎండలో, మన రోడ్లపై తిరిగే బ్యాటరీల డేటా ఎక్కువగా తయారీదారుల సర్వర్లలోనే ఉండిపోతోంది. పేర్లు, తిరిగిన దారులు తీసేసి దాన్ని పరిశోధకులకు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు.

యూరోపియన్ యూనియన్ 2023 నిబంధనలు, వాహన బ్యాటరీ కొన్న వ్యక్తికి దాని ఆరోగ్య సమాచారం చూసే హక్కు ఇచ్చాయి. మన 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల దృష్టి ప్రధానంగా సేకరణ, రీసైక్లింగ్ మీదే. ఆ హక్కు ఇక్కడి కొనుగోలుదారుకూ రావాలి. అయితే ఒట్టి శాతం చూపితే చాలదు. దాని పక్కనే పొరపాటు ఎంత ఉండొచ్చో, ఏ ఉష్ణోగ్రతల్లో సరిచూశారో కూడా ఉంటేనే, అప్పు చేసి పాత ఆటో కొంటున్న డ్రైవరు దాన్నిబట్టి ధర మాట్లాడుకోగలడు.