బోర్డు పోయిందంటే నమ్మేయకండి
డెస్క్‌టాప్ ఆన్ కావడం లేదనగానే "మదర్‌బోర్డు పోయిందండీ" అనే మాట తెనాలిలోనైనా రేపల్లెలోనైనా ఇట్టే వినబడుతుంది. అంత తేలిగ్గా నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం. చాలాసార్లు తప్పు బోర్డుది కాదు, దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ది. ఒక్కోసారి అదీ కాదు, వదులైన పవర్ కేబుల్‌దో, కాలిన ఎక్స్‌టెన్షన్ బాక్సుదో. గోడ ప్లగ్గులోని 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చేది ఎస్‌ఎంపీఎస్ అనే ఆ ఇనప డబ్బానే. దాన్ని పరీక్షించడం పని తెలిసిన మెకానిక్‌కు ఎంతసేపు? 24 పిన్నుల కనెక్టరును బోర్డు నుంచి ఊడదీసి, అందులోని ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో చిన్న తీగముక్కతో కలిపితే డబ్బాలో ఫ్యాను తిరగాలి. తిరగలేదంటే దాదాపుగా డబ్బా మార్చాల్సిందే. తిరిగినా సరే, మీటరు పెట్టి వోల్టేజీ చూడాలి. ఇక బాపట్లలో, సూర్యలంక వైపు ఇళ్లలో ఉప్పుగాలి బెడద వేరే ఉంది, కనెక్టర్లకు తుప్పు పట్టిస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటి వానల్లో చెమ్మగిల్లిన కంప్యూటరును పూర్తిగా ఆరకముందే ఆన్ చేస్తే బాగున్న బోర్డు కూడా పోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకండి, ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ మిగిలి ఉంటుంది. షాపువాళ్లను ఒక్కటే అడగండి: "నా కళ్లముందు వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూపించండి." అది చూశాకే కొత్త బోర్డుకు డబ్బులివ్వండి.