చూసే అనుమతే తాళంచెవి

2024 జూలై 31న దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ పనిచేయలేదు. వాటిలో ఎక్కువ సహకార బ్యాంకులు, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు. వాటికి సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరగడంతో, నష్టం పాకకుండా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి విడదీసింది. మర్నాడు తిరిగి కలిపింది. దేశం మొత్తం చెల్లింపుల్లో ఈ బ్యాంకుల వాటా అర శాతమేనని అప్పట్లో వార్తలొచ్చాయి. జూలై చివర అంటే కృష్ణా డెల్టాలో నాట్ల కాలం. సాయంత్రానికి కూలి డబ్బులు చేతిలో పెట్టాల్సిన రైతుకు, తన ఖాతా ఆ అర శాతంలో పడితే ఈ లెక్క ఏ ఊరట ఇస్తుంది?

దాడి ఎక్కడ మొదలైందో మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. క్లౌడ్‌సెక్ అనే సైబర్ భద్రతా సంస్థ చెప్పిన ప్రకారం దొంగలు బ్యాంకు తలుపు ముట్టుకోనే లేదు. సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే బ్రాంటూ టెక్నాలజీ సొల్యూషన్స్ అనే మరో కంపెనీలో, సరిగా అమర్చని ఒక జెంకిన్స్ సర్వర్ గుండా లోపలికొచ్చారు.

జెంకిన్స్ పేరు గన్నవరం దగ్గర కేసరపల్లి ఐటీ టవర్లలో పనిచేసే కుర్రవాళ్లకు కొత్త కాదు. ప్రోగ్రామర్ రాసిన మార్పును పరీక్షించి, మూటగట్టి, అసలు సర్వర్ల మీదికి చేర్చే యంత్రాంగం అది. అలా చేర్చే ఒక్కో పనిని ‘జాబ్’ అంటారు. (‘జాబ్ ఫెయిలైంది’ అని రాత్రి ఫోన్లో అరిస్తే ఇంట్లో అమ్మ గుండె గుభేలుమంటుంది. అది వేరే కథ.)

ఆ జాబ్ పేజీని ఒకసారి దగ్గరగా చూడాలి. ఎడమవైపు కింద పాత పరుగుల వరుస. గెలిచినవి పచ్చగా, ఓడినవి ఎర్రగా. ఒకదాన్ని నొక్కితే ఎవరు మొదలుపెట్టారు, ఎప్పుడు, ఎంతసేపు పట్టింది అన్నీ కనిపిస్తాయి. ‘కన్సోల్ అవుట్‌పుట్’ తెరిస్తే యంత్రం చేసిన ప్రతి పనీ వరుసకొకటిగా జారుతుంది; దాన్నే లాగ్ అంటారు. మళ్లీ జాబ్ పేజీకొస్తే ‘వర్క్‌స్పేస్’, ‘బిల్డ్ నౌ’, ‘కాన్ఫిగర్’, ‘డిలీట్ ప్రాజెక్ట్’ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అనుమతి లేనివారికి అవి కనిపించవు. అయితే కొత్తగా జెంకిన్స్ పెట్టుకున్నప్పుడు వచ్చే అమరిక ఏమిటో తెలుసా? ‘లాగిన్ అయినవారు ఏదైనా చేయవచ్చు’. దాని పక్కనే, లాగిన్ కాని అనామకుడికీ చూసే వీలిచ్చే ఒక చిన్న గడి. టిక్కు పెడితే చాలు.

ఇక్కడే మన కంపెనీలూ, వాటికి పని అప్పగించే ప్రభుత్వ శాఖలూ పొరబడుతున్నాయి. ‘ఊరికే చూడ్డానికే కదా, ఇచ్చేయ్’ అంటారు. కొత్తగా చేరిన ట్రైనీకి, కాంట్రాక్టు ముగిసిన పాత ఉద్యోగికి, టెస్టింగ్ చేసే మరో సంస్థకు చూసే అనుమతి ఉండిపోతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఈ పద్ధతి చెల్లుతుంది. అక్కడ వరద 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. ఆ అంకెలు ఎందరు చూస్తే అంత మంచిది. అంకె చూసినంత మాత్రాన ఎవరూ గేటు ఎత్తలేరు. జాబ్ పేజీ అలాంటి బోర్డు కాదు. అక్కడ చదవడమంటే సగం తాళంచెవి చేతికొచ్చినట్టే.

అతిశయోక్తి అనుకుంటే జెంకిన్స్‌లో 2024లో బయటపడ్డ లోపాన్నే చూడండి. అది ఆదేశాలు స్వీకరించే తీరులోనిది. ‘@’ గుర్తు పెట్టి సర్వర్‌లోని ఒక ఫైలు పేరిస్తే, అందులో ఉన్నది తీసి చూపించేది. అనామకుడికి మొదటి కొన్ని వరుసలే. చూసే అనుమతి ఉన్నవాడికి ఫైలు మొత్తం. జెంకిన్స్ దాచుకున్న పాస్‌వర్డులను విప్పే రహస్య కీలు కూడా అలాంటి ఫైళ్లలోనే ఉంటాయి. బ్రాంటూ సర్వర్‌లో దొంగలకు దారిచ్చింది ఈ లోపమేనని క్లౌడ్‌సెక్ నిర్ధారణ.

లోపం లేకపోయినా లాగ్ చాలు. ఒక ఇంజనీరు అర్ధరాత్రి డేటాబేస్ ఎందుకు కలవట్లేదో తెలియక, పాస్‌వర్డును తెరమీద ముద్రించే వరుస ఒకటి రాస్తాడు. సమస్య తీరుతుంది, నిద్రపోతాడు. ఆ వరుస లాగ్‌లో నెలల తరబడి పడి ఉంటుంది. 2025 మార్చిలో దొంగలు ఇదే పనిని గంపగుత్తగా చేశారు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో 23 వేలకు పైగా ప్రాజెక్టులు వాడే ‘చేంజ్డ్-ఫైల్స్’ అనే ఒక చిన్న పనిముట్టును మార్చి, జాబ్ నడిచినప్పుడల్లా రహస్యాలు లాగ్‌లో అచ్చయ్యేలా చేశారు. బహిరంగ ప్రాజెక్టుల లాగ్‌లు ఎవరైనా చదవొచ్చు. జాబ్ మాత్రం పచ్చగానే ముగిసేది.

2024 సెప్టెంబరు వరదను విజయవాడ మరచిపోదు. ఒకపక్క బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. మరోపక్క ప్రకాశం బ్యారేజీ 11.43 లక్షల క్యూసెక్కులను మోసింది. అంత నీటిని తట్టుకున్న బ్యారేజీకి దెబ్బ తగిలింది నీటివల్ల కాదు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని గేట్ల కౌంటర్‌వెయిట్లు విరిగాయి. బ్యాంకుల కథా అంతే. ఎగువన ఎవరిదో పడవకు లంగరు లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, డెల్టా పల్లెల్లో సొసైటీల పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. 2022 జూన్‌లో కేంద్రం 2,516 కోట్ల రూపాయలతో 63 వేల ప్రాథమిక సహకార సంఘాల కంప్యూటరీకరణకు ఆమోదం తెలిపింది. పంట రుణం, ఎరువుల నిల్వ, సభ్యుల వాటా అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి వస్తాయి. అది మంచిదే, చేతిరాత పుస్తకాల్లో జరిగిన మాయలు మన రైతులకు కొత్త కావు. 2025 జనవరి 30న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ‘మన మిత్ర’ తొలి విడతలోనే 161 ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఇలాంటి సేవల్లో మార్పు వచ్చిన ప్రతిసారీ తెర వెనుక ఎక్కడో ఒక జాబ్ నడుస్తుంది. దాన్ని ఎవరు నడిపారు, ఎవరు చూశారు, ఎవరు మధ్యలో ఆపి మళ్లీ నడిపారు అన్న ప్రశ్న ఇక ఇంజనీర్ల గదిలో తేలిపోయే మాట కాదు. సగం ఖాతాల్లో సొమ్ము జమ చేసి ఆగిపోయిన జాబ్‌ను, లాగ్ చదవకుండా మళ్లీ మొదటి నుంచి నడిపితే ఏమవుతుందో ఊహించుకోండి.

టెండరులో డేటా సెంటరు ఎక్కడ, బ్యాకప్ ఎలా అని అడగడం మామూలే. మా విన్నపం రాష్ట్ర సహకార బ్యాంకు ఆప్కాబ్‌కు, జిల్లా సహకార బ్యాంకులకు, రాష్ట్ర ప్రభుత్వ రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ (ఆర్టీజీఎస్)కి: జాబ్ పేజీ గురించి కూడా అడగండి. చూసే అనుమతి ఎందరికి ఉందో పేర్లతో సహా జాబితా తెప్పించుకోండి. ఉద్యోగం మానినవారి పేరు అందులో ఉంటే అదే రోజు తీయించండి. సబ్ కాంట్రాక్టరు సర్వర్‌నూ మీ సర్వర్‌గానే తనిఖీ చేయించండి. డిస్కు నిండుతుందని పాత లాగ్‌లు పారేసే అలవాటుంది. దాడి జరిగాక వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఆ లాగ్‌లే ఆధారం. రహస్యాలు తుడిచి, వాటిని వేరేచోట భద్రపరచమనండి. ఈ పనులకు కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. అడిగేవాడు ఉండాలి, అంతే.

జెంకిన్స్ లోపాన్ని సరిచేసిన వెర్షన్ 2024 జనవరి 24న విడుదలైంది. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా దించుకోవచ్చు. బ్యాంకుల చెల్లింపులు ఆగింది జూలై 31న.