చిన్న కారుకు ఇజ్జత్ లేదా?

మా జనగామలో ఎవరైనా ఆల్టో కొన్నారని తెలిస్తే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "ఎంతయింది?" కాదు, "ఇంకో రెండు లక్షలు పెట్టకపోయినవా?" అని. ఈ "ఇంకో రెండు లక్షలు" అనే మాట మీద నాకు ఏళ్లుగా మంట. ఆ మాట అనేవాళ్లు ఆ రెండు లక్షలు ఇవ్వరు. ఆ రెండు ఎప్పుడూ రెండు దగ్గర ఆగదు కూడా. నాలుగున్నర లక్షల్లో తేలిపోవాల్సిన బేరం పదకొండు లక్షల దగ్గర, ఏడేళ్ల కిస్తీల మీద సంతకం పెట్టించాక గానీ ఊపిరి తీసుకోదు.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి ఊళ్లలో రోజూ తిరగడానికి కారు అవసరమైన కుటుంబానికి సరైన కారు చిన్న కారే. దాన్ని "రేకు డబ్బా" అని వెక్కిరించే సంస్కృతి అవివేకమైనదే కాదు, క్రూరమైనది కూడా. ఎందుకు క్రూరమో చివర్లో చెప్తాను. ముందు అవివేకం సంగతి చూద్దాం.

కారు కొనేవాడు ఈ రోజుల్లో సలహా ఎక్కడ వెతుక్కుంటాడు? యూట్యూబ్‌లో. అక్కడ రివ్యూ చేసేవాడు ఆరు లేన్ల ఎక్స్‌ప్రెస్ వే మీద నూట ఇరవైలో పోతూ, "హైవే స్టెబిలిటీ" గురించి చెప్తాడు. తలుపు దబ్బున వేసి ఆ చప్పుడు బట్టి కారు గట్టితనం నిర్ణయిస్తాడు. సన్‌రూఫ్ లేదని పెదవి విరుస్తాడు. మే నెలలో భూపాలపల్లి బొగ్గు లారీల వెనక ఇరుక్కున్నవాడికి నెత్తి మీద కిటికీ ఎందుకో ఆయనే చెప్పాలి. మహబూబాబాద్ నెహ్రూ సెంటర్‌లో, ఒక పక్క తోపుడు బండి, ఇంకో పక్క ఎదురొచ్చే ఆటో ఉండగా కారు ఎలా తిప్పుకోవాలో ఏ రివ్యూలోనూ ఉండదు. మన ఊళ్లలో డ్రైవింగ్ అంటే మూడు వంతులు అదే. ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, బ్రేకు, మళ్లీ ఫస్ట్ గేరు.

ఇక్కడ కొలతలు మాట్లాడతాయి. ఆల్టో కె10 పొడవు 3,530 మిల్లీమీటర్లు, వెడల్పు 1,490. అందరూ ఎగబడి కొంటున్న టాటా పంచ్ వెడల్పు 1,742. అంటే పావు మీటరు తేడా, జానెడు కంటే ఎక్కువే. షోరూంలో ఆ జానెడు విశాలంగా కనిపిస్తుంది. మీ ఇంటి సందులో అదే జానెడు, పక్కింటాయన గోడకు మీ అద్దానికి మధ్య గొడవగా కనిపిస్తుంది. ఇరవై అడుగుల రోడ్డుకు రెండు వైపులా బండ్లు ఆపుకునే ఊరు మనది. అక్కడ కారు వెడల్పు అనేది మీ ఒక్కరి సొంత విషయం కాదు.

ఇక లెక్క. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గాక ఆల్టో కె10 షోరూం ధర 3.70 లక్షల దగ్గర మొదలైంది. లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, కాస్త మెరుగైన వేరియంటు కలుపుకుని నాలుగున్నర లక్షలు అనుకుందాం. లక్షన్నర చేతి నుంచి పెట్టి, మూడు లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 6,300 కిస్తీ. ఇప్పుడు తొమ్మిది లక్షల "కాంపాక్ట్ ఎస్‌యూవీ" చూడండి. రోడ్డెక్కేసరికి పదిన్నర దాటుతుంది. ఎనిమిది లక్షల అప్పు, అదే వడ్డీ, ఏడేళ్లు: నెలకు 13,000 పైన. ఏడేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే దాదాపు మూడు లక్షలు. అంటే పెద్ద కారు మీద కట్టే వడ్డీ డబ్బులతో చిన్న కారు అప్పు అసలు మొత్తం తీరిపోతుంది. ఈ ఒక్క వాక్యం షోరూం గోడ మీద రాసి పెడితే బాగుండు. రాయరు.

పెద్ద కారు ఎందుకు అంటే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. మొదటిది: "అందరం కలిసి మేడారం పోవాలంటే?" మేడారం జాతర రెండేళ్లకోసారి. రెండేళ్లలో 730 రోజులు. ఒక్క ప్రయాణం కోసం మిగతా 729 రోజులు ఆ సైజు బండిని సందుల్లో ఈడ్చుకుంటూ తిరుగుతామా? ఆ ఒక్క రోజుకు తూఫాన్ మాట్లాడుకుంటే డ్రైవరుతో సహా వస్తుంది. ఆర్టీసీ జాతర బస్సులు ఎలాగూ ఉన్నాయి.

రెండోది: "గ్రౌండ్ క్లియరెన్స్ కావాలె, వానాకాలం వాగులు పొంగుతయి." 2024 సెప్టెంబర్ 1 నాటి వానలకు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడాయి. రైలు కట్టను మోసుకుపోయిన నీళ్లు మీ కారు కింద ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువున్నాయని ఆగుతాయా? పొంగే వాగు ముందు అన్ని కార్లూ రేకు డబ్బాలే. "మన బండి దాటుతది" అనే ధీమా ఆల్టోలో ఉన్నవాడికి రాదు, పెద్ద బండి ఎక్కినవాడికి వస్తుంది. ఆ ధీమాయే ప్రమాదం.

మూడోది గట్టి ప్రశ్న, దాన్ని నవ్వుతూ దాటేయను: సేఫ్టీ. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014లో పాత ఆల్టో 800కు సున్నా స్టార్లు ఇచ్చింది. 2023లో ఆల్టో కె10కు పెద్దవాళ్ల రక్షణలో రెండు స్టార్లు, పిల్లల రక్షణలో సున్నా. వాగన్ ఆర్‌కు ఒకటి, సున్నా. 2025 నుంచి ఆల్టో కె10లో ఆరు ఎయిర్‌బ్యాగులు వస్తున్నాయి. ఆ పరీక్ష జరిగింది రెండు ఎయిర్‌బ్యాగులున్న కారుకు. అయినా ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన రేకు గట్టిపడదు, అది వేరే సంగతి. 2020లో నాలుగు స్టార్లు తెచ్చుకున్న టియాగో కూడా చిన్న కారే కాబట్టి, "చిన్నదైతే గట్టిగా చేయలేం" అనే మాట అబద్ధం. కోపం రావాల్సింది కంపెనీల మీద. మనం మాత్రం కంపెనీని వదిలేసి, కొన్న మనిషిని వెక్కిరిస్తాం.

ఇంకో మాట. ఆ క్రాష్ టెస్టు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. చిన్న కారు కొనే కుటుంబానికి అప్పటిదాకా ఉన్నది ఫైవ్ స్టార్ కారు కాదు, హీరో హోండా బండి. ముందు ట్యాంకు మీద పిల్లాడు, వెనక చీర కొంగు చక్రంలో పడకుండా పట్టుకుని కూర్చున్న తల్లి, మధ్యలో ఇంకో పిల్ల. వాళ్లు ఆ బండి దిగి ఆల్టో ఎక్కి, వెనక సీటులో కూడా బెల్టు పెట్టుకుంటే, అంతకంటే పెద్ద సేఫ్టీ మెరుగుదల వాళ్ల జీవితంలో ఇంకోటి ఉండదు. "కొంటే ఫైవ్ స్టార్ కొను, లేకపోతే వద్దు" అని గచ్చిబౌలి ఫ్లాటులో కూర్చుని ట్వీట్ చేసేవాడు వాళ్లకు చెప్తున్నది నిజానికి "బైకు మీదే ఉండండి" అని.

అలాగని ఏదో ఒక చవక కారు కొనేయమని నేననను. నెలకోసారైనా వరంగల్ ఆసుపత్రికి అరవై కిలోమీటర్లు అటూఇటూగా పోవాల్సిన ఊళ్లు ఇవి. భూపాలపల్లికి రైలు కూడా లేదు. కాబట్టి ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు అడిగి తీసుకోండి. హైవే మీద ఎనభై దాటకండి. రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాళ్లు సెకండ్ హ్యాండ్ బీఎస్6 డీజిల్ జోలికి పోకండి. దాని పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవాలంటే హైవే మీద కొంతసేపు వేడెక్కి నడవాలి, ఊళ్లో నడిపితే మూసుకుపోతుంది. సీఎన్‌జీ అంటే ముందు మీ ఊళ్లో బంకు ఉందా, క్యూ ఎంత అని చూడండి. మెకానిక్ మీ ఊళ్లోనే దొరికే కారు కొనండి. తెలిసిన చేతి నుంచి వచ్చిన ఐదేళ్ల పాత చిన్న కారు కూడా గౌరవమైన బేరమే.

ఇందులో ప్రభుత్వం పాత్ర కూడా ఉంది. 2006 బడ్జెట్ నుంచి మన దేశంలో "చిన్న కారు" అంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు ఇంజను. కంపెనీలు ఏం చేశాయి? 3,990 మిల్లీమీటర్ల దగ్గర కత్తిరించి, బానెట్ ఎత్తుగా లేపి, దానికి ఎస్‌యూవీ అని పేరు పెట్టాయి. 2025లో పన్ను 18 శాతానికి తగ్గినప్పుడు కూడా అదే గీత. మూడున్నర మీటర్ల ఆల్టోకీ నాలుగు మీటర్ల ఎత్తు బండికీ ఒకే జీఎస్టీ. నిజంగా చిన్నదిగా ఉన్నందుకు దక్కిన బహుమానం ఏమీ లేదు. 2024లో దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు పంచ్. దాదాపు నలభై ఏళ్ల తర్వాత మొదటి స్థానం మారుతి చేయి దాటింది. మారుతి మీద నాకేం ప్రేమ లేదు. కానీ 1983 డిసెంబర్‌లో 796 సీసీ ఇంజనుతో మొదలైన "సామాన్యుడి కారు" అనే ఊహ, నలభై ఏళ్లలో సామాన్యుడికే సిగ్గుగా ఎలా మారిందన్నది ఆలోచించాల్సిన విషయం.

నానో కథ దీనికి సాక్ష్యం. 2008 జనవరిలో లక్ష రూపాయల కారు అని ప్రపంచానికి చూపించారు. స్కూటరు మీద తడుస్తూ పోయే కుటుంబం కోసం అన్నారు. 2018కల్లా ఉత్పత్తి దాదాపు ఆగిపోయింది. అందరికంటే చవకైన కారు అనే ముద్ర వేయడమే దెబ్బ కొట్టిందని రతన్ టాటాయే తర్వాత అన్నారు. ఇంజనీర్లు చేసిన పని మీద సమాజం "పేదోడి కారు" అని స్టాంపు వేసింది. పేదోడు కూడా ఆ స్టాంపు వద్దన్నాడు.

ఎందుకు వద్దన్నాడో మా జిల్లాల వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం సాగిన నేల ఇది. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య కడవెండిలో నేలకొరిగిన నేల. గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేతపట్టుకుని నడవాల్సిన తాతల మనవలు ఇవాళ కారు కొంటున్నారు. వాళ్లకు కారు రవాణా మాత్రమే కాదు, తలెత్తుకోవడం. "పొదుపుగా ఉండు, చిన్నది కొనుక్కో" అని వాళ్లకు చెప్పడానికి నేనెవర్ని అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు ఇది: తలెత్తుకోవడానికి నాలుగు చక్రాలు కావాలి, నిజమే. కానీ దొర గడీ నుంచి బయటపడి ఫైనాన్స్ కంపెనీ గడీలో ఏడేళ్ల వెట్టికి చేరడం తలెత్తుకోవడం ఎలా అవుతుంది? ఎవరికీ బాకీ లేని ఆల్టోలో ఉన్న ఇజ్జత్, కిస్తీ తప్పిన ఎస్‌యూవీలో లేదు.

మన సాహిత్యం, సినిమా కూడా ఈ సిగ్గును పెంచాయి. ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు వరసగా వచ్చాయి, గాల్లోకి లేచాయి. హీరో పెద్ద బండి దిగుతాడు, కమెడియన్ చిన్న కారులో ఇరుక్కుంటాడు. కథల్లో కారంటే చాలావరకు దొరదో, కాంట్రాక్టరుదో. అమ్మను డయాలసిస్‌కు తీసుకుపోయే సింగరేణి కార్మికుడి పాత కారు, ట్యూషన్ పిల్లల్ని దింపే టీచరమ్మ కారు మన కథల్లో నాకు దాదాపు తగల్లేదు. కారు ఎక్కిన మరుక్షణం మనిషి మన రచయితకు శత్రువైపోతాడు. అందుకే మధ్యలో ఉన్నవాడికి తన చిన్న కారు గురించి గర్వంగా చెప్పుకునే భాష లేకుండా పోయింది.

క్రూరత్వం అని మొదట్లో అన్నాను కదా. మూడేళ్ల కింద మా దూరపు చుట్టాల్లో ఒక సంబంధం. అబ్బాయికి ప్రైవేటు ఉద్యోగం, ఆఫీసు ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు. అమ్మాయి నాన్న మానుకోట దగ్గర మిర్చి రైతు. కారు పెడతానన్నాడు, చిన్నది. పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వుతూ, "బావా, గా రేకు డబ్బా ఇంటి ముందల పెట్టుకుంటే మాకేం ఇజ్జత్ ఉంటదే?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఖరీదు ఆరు లక్షలు. ఆ కిస్తీ ఇవాళ్టికీ ఆ రైతే కడుతున్నాడు. 1961 నుంచి కట్నం చట్టప్రకారం నేరం. కానీ "కారు సైజు" అని బేరం చేస్తే ఎవరికీ అది కట్నంలా వినిపించదు. చిన్న కారు మీద వేసే ప్రతి జోకూ చివరికి ఇలాంటి ఎవరో ఒక తండ్రి ఖాతాలో డెబిట్ అవుతుంది.

"అసలు కారే ఎందుకు, బస్సెక్కొచ్చు కదా" అనే మిత్రులారా, మీ మాట నాకు ఇష్టమే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక ఈ మూడు ఊళ్ల బస్టాండ్ల రూపమే మారింది, మంచిగా మారింది. బస్సు సరిపోయేవాళ్లు కారు కొనకండి. కానీ అర్ధరాత్రి ఆయాసంతో లేచిన బాపును వరంగల్ తీసుకుపోవడానికి బస్సు రాదు. ఆ అవసరానికి కావాల్సింది స్టార్టయ్యే కారు, చేతిలో మిగిలిన డబ్బు. రెండూ కలిపి ఇచ్చేది చిన్న కారే.

కాబట్టి ఈసారి ఏ పెళ్లి మాటల్లోనైనా ఎవరైనా "ఏం కారు పెడుతున్నరు?" అంటే మీరు నవ్వకండి. "కిస్తీ ఎంత, కట్టేదెవరు?" అని అడగండి. అందరి ముందూ, గట్టిగా.