ఆవు ప్రేగుకు గొట్టం పెట్టవచ్చునా?

బతికున్న ఆవు ప్రేగుకు గొట్టం అమర్చి, అందులోని ద్రవాన్ని పట్టి పరీక్షిస్తారంటే "ఎంత ఘోరం!" అంటారు మీరు. అనవలసిందే. కాని ఎందుకు పెడతారో విని, ఆ తరువాత తీర్పు చెప్పండి.

ఆవుకు కిలో వేరుశనగ చెక్క పెట్టామనుకోండి. ఎంత ఒంటబట్టిందో పేడను పరీక్షిస్తే తెలియదా? సరిగా తెలియదు. మేత ముందుగా రూమెన్ అనే పెద్దపొట్టలోకి పోతుంది. అక్కడి సూక్ష్మజీవులు చెక్కలోని మాంసకృత్తులను చాలావరకు అమోనియాగా మార్చి, దానితో తమ శరీరాలను నిర్మించుకుంటాయి. ఆనక ప్రేగులో అవే ఆవుకు ఆహారం! అంటే మనం పెట్టింది ఒకటి, ప్రేగుకు చేరేది మరొకటి. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు మిగిలినదాన్ని మళ్ళీ మార్చేస్తాయి. ఇక పేడ ఏం సాక్ష్యం చెబుతుంది? చెక్క కొనే రైతుకు ఇది డబ్బుతో పని. అందుకే చిన్నప్రేగు మొదట్లోనూ చివరనూ ద్రవం తీసి చూడాలి.

పశువును కోసి చూడవచ్చు. కాని అది ఒక్కసారే జవాబు చెప్పి పోతుంది. కనుక మత్తుమందిచ్చి, శస్త్రచికిత్స చేసి గొట్టం పెడతారు. ఒక పద్ధతిలో ప్రేగును పూర్తిగా తెగ్గోసి, రెండు కొసలనూ బయట గొట్టంతో కలుపుతారు. పారేదంతా కొలవవచ్చు. గొట్టం పూడుకుపోయిందా, పశువు ప్రాణానికే ముప్పు. రెండవది 'టి' ఆకారపు గొట్టం. ప్రేగు తెగదు, గాటు మాత్రమే పడుతుంది. వచ్చేది కొద్దిపాటి ద్రవమే. మరి మొత్తం ఎంత పారిందో? అరగని క్రోమియం ఆక్సైడును తూచి మేతలో కలుపుతారు. రోజుకు 20 గ్రాములు పెడుతుంటే లీటరు ద్రవంలో 0.2 గ్రాములు కనబడ్డాయనుకోండి: రోజుకు 100 లీటర్లు పారినట్లు! ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది. వేర్వేరు వేళల్లో ద్రవం తీసి సరిచూసుకోవాలి. అయినా నా ఓటు 'టి' గొట్టానికే.

గొట్టమే వద్దనేవారూ ఉన్నారు. 1963లో ఇంగ్లండులో టిల్లీ, టెర్రీ అనేవారు గాజుగొట్టంలోనే గడ్డిని అరిగించి చూపారు. కాని అందులో పోసిన రూమెన్ ద్రవం పశువుదే కదా! గాజుగొట్టంతో తేలే ప్రశ్నకు ఆవును కొయ్యటం మాత్రం తప్పు. వీలైన చోటల్లా జంతు ప్రయోగాలు మానాలని మన దేశంలో 1960 నాటి చట్టమే చెబుతోంది. నేను ఇంకొకటి అడుగుతాను: పరిశోధన పత్రంలో మేత లెక్కలతోపాటు, గొట్టం పెట్టిన ఆవు ఆ తరువాత ఎన్నాళ్ళు, ఎలా బతికిందో కూడా రాయాలి.