పడనివాడే గొప్పవాడా?

నేను జన్మలో ఎవరినీ కొట్టి ఎరగను, దోమల్ని తప్ప. అందులోనూ సగానికి సగం గురి తప్పినవే. అలాంటివాడు హెవీ వెయిట్ బాక్సింగు గురించి తీర్పులు చెప్పబోవడం విడ్డూరంగానే ఉంటుంది. అయితే ఒక్క మనవి. బాక్సింగు గురించి తీర్పులు చెప్పేవాళ్ళందరూ దాదాపు నాలాంటివాళ్ళే. గుద్దులు తినేవాడు ఒకడు, ఆ గుద్దులకు మార్కులు వేసేవాళ్ళు లక్షమంది. నా తగాదా ఆ లక్షమందితోనే.

వాళ్ళు వేసే మార్కుల్లో అన్నిటికంటే పెద్ద మార్కు ఒకదానికి ఉంది. "వాడు ఎన్ని తిన్నా పడడండీ!" అన్నదానికి. దవడ రాయిట, ఒళ్ళు ఇనుమట, గుండె సరేసరి. ఏ ఇద్దరు హెవీ వెయిట్లను పక్కపక్కన నిలబెట్టి పోల్చినా, వాదం తిరిగి తిరిగి అక్కడికే చేరుతుంది. ఎవడు ఎక్కువ తట్టుకున్నాడు, ఎవడు ఎక్కువ కాలం నిలబడ్డాడు అని. తట్టుకున్నవాడు మొనగాడు. తట్టుకోలేనివాడు ఉత్త డొల్ల.

దెబ్బ తట్టుకోగలగడం బాక్సరుకి వరమే, కాదనను. కాని అది భస్మాసురుడికిచ్చిన వరం లాంటిది. ఆఖరికి వాడి నెత్తిమీదికే వస్తుంది. దాన్ని గొప్పగా చెప్పి చప్పట్లు కొట్టేవాళ్ళు వాడి చేతిని నెత్తిమీదికి ఇంకాస్త దగ్గరగా జరుపుతున్నారంతే.

మా బావ ఈ మాట ఒప్పుకోడు. ఆయనకు మహమ్మద్ అలీ అంటే ప్రాణం. "61 పోటీల్లో అలీని నేలమీద పడుకోబెట్టి పది లెక్కపెట్టించిన మగాడున్నాడా?" అంటాడు. లేడు. 56 గెలిచి, 5 ఓడాడు. ఓడినవాటిలో నాలుగు జడ్జీల మార్కుల మీద ఓడినవే. 1971లో జో ఫ్రేజియర్ పదిహేనో రౌండులో ఎడమచేత్తో కొట్టిన దెబ్బకు వెల్లకిలా పడి, పడ్డవాడు పడ్డట్టే లేచి నిలబడ్డాడు. 1973లో కెన్ నార్టన్ దవడ విరగ్గొట్టాడు. దవడ విరిగినా పన్నెండో రౌండు చివరిదాకా ఆడాడు. 1974 అక్టోబరు 30న జైరేలో, అంటే ఇప్పటి కాంగోలో, తాళ్ళకు జారగిలబడి జార్జి ఫోర్‌మన్ గుద్దులన్నీ కాచుకుని, ఎనిమిదో రౌండులో అతణ్ణి పడగొట్టాడు. "ఇంతకంటే ఏం కావాలోయ్?" అని మా బావ మీసం దువ్వుతాడు, ఆ గుద్దులన్నీ తనే తిన్నట్టు.

నాకూ అలీ అంటే ఇష్టమే. అసలు ఇష్టం కాబట్టే ఈ కోపం.

1964లో సోనీ లిస్టన్‌ని ఓడించి ఛాంపియనయ్యేనాటికి అలీకి 22 ఏళ్ళు. ఆ రోజుల్లో అతని గొప్ప దెబ్బ తినడంలో లేదు, తినకపోవడంలో ఉంది. చేతులు కిందికి వదిలేసి, తల వెనక్కి లాగి, గుద్దు బెత్తెడు దూరంలో గాల్లో పోయేట్టు చేసేవాడు. అంత భారీ మనిషి కాళ్ళమీద అలా తేలిపోతూ ఆడటం చూసి జనం నోళ్ళు తెరిచారు. 1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు బిరుదు ఊడబీకారు, లైసెన్సులు తీసేశారు. మూడున్నరేళ్ళు రింగు మొహం చూడలేదు. 1970 అక్టోబరులో తిరిగివచ్చినప్పుడు బుర్ర అదే, నోరు అదే, కాళ్ళు మాత్రం అవి కావు. ఇదివరకు గాల్లో పోయే గుద్దులు ఇప్పుడు మొహానికి తగలసాగాయి. తగిలినా తను పడటం లేదన్న సంగతి అతనికి అప్పుడు తెలిసింది. నన్నడిగితే, అతని జీవితంలో అంతకంటే చెడ్డ కబురు మరొకటి లేదు.

ఎందుకంటారా? పడేవాడికి ఒక రక్షణ ఉంది. పడగానే రిఫరీ లెక్కపెడతాడు, ఆట ఆపుతాడు, డాక్టరు వచ్చి చూస్తాడు, ఇంటికి పంపిస్తారు. పడనివాడికి ఆ దిక్కు కూడా లేదు. గుద్దు వెనక గుద్దు తలకు చేరుతూనే ఉంటుంది. దవడ గట్టిదైనంత మాత్రాన లోపలున్న మెదడు గట్టిపడదు కదా! కుండ ఎంత మందమైనా, కుదిపితే లోపలి పెరుగు కదలక మానుతుందా?

ఈ మాట ఎవరూ చెప్పక కాదు. హారిసన్ మార్ట్‌లండ్ అనే అమెరికన్ డాక్టరు 1928లోనే వైద్య పత్రికలో రాశాడు, ఏళ్ళ తరబడి తలకు దెబ్బలు తిన్న బాక్సర్లు తాగినవాళ్ళలా తూలుతున్నారనీ, మాట ముద్దవుతోందనీ. ఒక్క గుద్దు వేసే అవకాశం కోసం పది గుద్దులు తినే రకానికీ, ఇతరుల సాధన కోసం ఎదురుగా నిలబడి దెబ్బలు తినే చిన్న బాక్సర్లకూ ఈ జబ్బు ఎక్కువన్నాడు. అంటే, మనం ఎవరినైతే 'గట్టిపిండం' అని మెచ్చుకుంటామో సరిగ్గా వాళ్ళకే.

అలీ మాత్రం సాధన చేసేటప్పుడు కూడా తాళ్ళకు ఆనుకుని, ఎదుటివాణ్ణి కొట్టమనేవాడు, ఒళ్ళు రాటుదేలాలని. 1977 సెప్టెంబరులో ఎర్నీ షేవర్స్‌తో పోటీ. షేవర్స్ గుద్దంటే హెవీ వెయిట్లందరికీ హడలు. 35 ఏళ్ళ అలీ 15 రౌండ్లు అతని ఎదుట నిలబడి గెలిచాడు. లోకమంతా జేజేలు కొట్టింది. ఏళ్ళ తరబడి అతని పక్కనున్న డాక్టరు ఫెర్డీ పచెకో మాత్రం మూత్రపిండాల పరీక్ష కాగితాలు చూసి భయపడ్డాడు. ఇక ఆపమని అలీకీ, భార్యకూ, మేనేజరుకూ ఆ కాగితాలు పంపాడు. ఒక్కరూ జవాబు రాయలేదు. పచెకో తన సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మార్కులు వేయవలసింది ఆ సంచీకి. కాని దాన్ని ఎవరు చూస్తారు?

1979లో అలీ రిటైరయ్యాడు. 1980 జనవరిలో మన దేశానికి వచ్చి ఢిల్లీలో, మద్రాసులో ప్రదర్శన పోటీలు ఆడితే జనం విరగబడ్డారు. అప్పటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కాని అదే ఏడాది అక్టోబరు 2న, అంటే మన గాంధీ జయంతి నాడే, లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్ ముందు నిలబడ్డాడు. హోమ్స్ ఒకప్పుడు అలీకి సాధనలో తోడున్నవాడే. అలీకి 38 ఏళ్ళు. పది రౌండ్లలో ఒక్క రౌండు కూడా ఏ జడ్జీ అలీకి ఇవ్వలేదు. అప్పుడు కూడా పడలేదు సుమండీ! మూలలో ఉన్న శిక్షకుడు ఏంజెలో డండీ, సహాయకుడు బండినీ బ్రౌన్ అడ్డుపడుతున్నా వినకుండా, చాలు ఆపమన్నాడు. అలీని మధ్యలో ఆపిన పోటీ జీవితం మొత్తం మీద అదొక్కటే. అయినా బుద్ధి రాలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో బహామాస్ దీవుల్లో ట్రెవర్ బెర్బిక్‌తో మళ్ళీ పది రౌండ్లు. అక్కడ రౌండు మొదలుపెట్టే గంట కూడా సరైంది దొరక్క, ఆవు మెడలో కట్టే గంట వాయించారు. మహారాజు ఊరేగింపు అలా ముగిసింది. మూడేళ్ళు తిరక్కుండా, 1984లో, అలీకి పార్కిన్సన్ లక్షణాలున్నాయని డాక్టర్లు తేల్చారు. ఆ నోరు, ఆ చేతులు, 32 ఏళ్ళపాటు ఏమయ్యాయో అందరూ చూశారు.

"ఆ జబ్బు గుద్దుల వల్లే వచ్చిందని రుజువేమిటి?" అంటాడు మా బావ. మంచి ప్రశ్నే. డాక్టర్లందరూ దానిమీద ఒక్క మాట మీద లేరు. గుద్దులతో పని లేకుండా కూడా ఆ జబ్బు వస్తుంది. ఒప్పుకుంటాను. ఇల్లు అంటుకున్నది దీపం వల్లా, పొయ్యి వల్లా అన్నది తేలకపోవచ్చు. అంతమాత్రాన కప్పుమీద కిరసనాయిలు పోయడం మంచిదే అనగలమా? అలీ సంగతి పక్కన పెట్టినా, జెర్రీ క్వారీ ఉన్నాడు. 1970లో అలీ తిరిగివచ్చి ఆడిన మొదటి పోటీ అతనితోనే. మొహం రక్తం కారుతున్నా వెనకడుగు వేయడని క్వారీకి పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి 47 ఏళ్ళ వయసులో, 1992లో, మళ్ళీ రింగెక్కి ఆరు రౌండ్లు దెబ్బలు తిన్నాడు. చివరికి తన పనులు తను చేసుకోలేని స్థితిలో, 53 ఏళ్ళకే, 1999 జనవరిలో పోయాడు. దానికి కారణం బాక్సర్ల మతిభ్రమణ వ్యాధే. అతని విషయంలో డాక్టర్లకు అనుమానం లేదు.

ఈ వాదన ఇలా సాగుతుంటే కాఫీలు తెచ్చిన మా అక్కయ్య ఒక మాట అంది. "మా అత్తగారు కూడా వచ్చినవాళ్ళందరితో అంటుండేవారు, మా కోడలికి భూదేవంత ఓర్పండీ అని. అలా అన్నరోజున రెండు పనులు ఎక్కువ చెప్పేవారు!" అని. మా బావ కాఫీ తాగడంలో మునిగిపోయాడు. నాకు మాత్రం కీలకం దొరికింది. ఓర్పును పొగిడేవాడెవడో చూడండి. నూటికి నూరుపాళ్ళూ దానివల్ల లాభం పొందేవాడే. పోటీ ఏర్పాటు చేసినవాడికి టిక్కెట్ల డబ్బు, చూసేవాడికి కాలక్షేపం, మర్నాడు వాదించుకునేవాడికి విషయం. 1982లో దక్షిణ కొరియా బాక్సరు కిమ్ డుక్ కూ, హెవీ వెయిట్ కాదు, తేలిక వర్గంవాడు, 14 రౌండ్లు తట్టుకుని తట్టుకుని ఆ దెబ్బలతో ప్రాణం వదిలాడు. అప్పుడుగాని ప్రపంచ బాక్సింగు కౌన్సిలుకు 15 రౌండ్లను 12కి తగ్గించాలని తోచలేదు. దానికీ గొణిగినవాళ్ళున్నారు, మగతనం పోయిందని. ఎవరి మగతనం? కుర్చీలో కూర్చున్నవాడిదా?

"అయితే పట్టుదలకు విలువే లేదంటావా?" అని అడగచ్చు. ఉంది, చాలా ఉంది. కాని పడకపోవడం వేరు, పడి లేవడం వేరు. కెనడావాడు జార్జి చువాలోని తీసుకోండి. 93 పోటీల్లో ఒక్కసారి కూడా నేలకు ఒరగలేదు. అలీతో రెండుసార్లు తలపడి, చివరి గంట దాకా నిలబడ్డాడు. మా బావ లెక్కలో దేవుడే. నా లెక్కలో అది అతని ఎముకల గొప్ప. తర్వాత జీవితం ముగ్గురు కొడుకులను పొట్టన పెట్టుకుంది. మత్తుమందులే ఆ ఇంటిని కూల్చాయి. ఆ దుఃఖంలోనే భార్యా ప్రాణం తీసుకుంది. ఆ మనిషి లేచి, బడి బడికీ తిరిగి, మత్తుమందుల జోలికి పోవద్దని పరాయి పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాడు. అదీ అతని గొప్ప. దానికి దవడతో పనిలేదు.

అలీ చేతిలో ఓడిన ఫోర్‌మన్‌నే చూడండి. 1974లో పడ్డాడు. 1977లో జిమ్మీ యంగ్ చేతిలో ఓడి, చేతి తొడుగులు విప్పేసి, మతబోధకుడై, పదేళ్ళు బాక్సింగు వదిలేశాడు. 1987లో, కుర్రాళ్ళ కోసం నడుపుతున్న కేంద్రానికి డబ్బు కావాలని, నున్నటి గుండుతో, పెరిగిన బొజ్జతో తిరిగొస్తే జనం నవ్వారు. అతనూ నవ్వాడు. మునుపటి కోపిష్టి ఫోర్‌మన్ కాడు. చేతులు అడ్డంగా కట్టి కాచుకోవడం, తొందరపడకపోవడం నేర్చుకున్నాడు. 1994 నవంబరు 5న, 45 ఏళ్ళ వయసులో, 26 ఏళ్ళ మైకేల్ మూరర్‌ని పదో రౌండులో పడగొట్టి ఛాంపియనయ్యాడు. తొడుక్కున్నది 20 ఏళ్ళనాడు జైరేలో ఓడిన రోజు తొడుక్కున్న నిక్కరే. ఆ తొమ్మిది రౌండ్లూ అతనూ గుద్దులు తిన్నాడు, దాచను. కాని అతణ్ణి నిలబెట్టింది ఆ తొమ్మిది రౌండ్లు కాదు. దూరంగా ఉన్న ఆ పదేళ్ళు. ఓడిపోవడాన్ని ఒప్పుకుని, మనిషిగా మారి వచ్చినవాడిది ఆ గెలుపు. పడటం చేతకానివాళ్ళకు ఆ పదేళ్ళు దొరకవు.

ఇంతకీ హెవీ వెయిట్లలో నా మొనగాడెవరని మా బావ నిలదీస్తే ఒక్కటే పేరు చెబుతాను. ఎడ్డీ ఫచ్. 1975 అక్టోబరు 1న మనీలాలో అలీ-ఫ్రేజియర్ల మూడో పోటీలో ఫ్రేజియర్ శిక్షకుడు. పద్నాలుగు రౌండ్లయ్యాయి. ఫ్రేజియర్ కళ్ళు వాచి మూసుకుపోయాయి, ఎదుటి గుద్దు కనపడటం లేదు. ఇంకొక్క రౌండు, మూడే మూడు నిమిషాలు. ఫ్రేజియర్ ఆడతానని మొత్తుకున్నాడు. ఫచ్ వద్దన్నాడు, ఆపేశాడు. పందెం పోయింది, ఛాంపియన్ బిరుదు పోయింది, బోలెడంత పేరు పోయింది. ఫ్రేజియర్ మిగిలాడు.

ఆ రాత్రి ఫచ్ ఒక్క గుద్దు వేయలేదు, ఒక్కటి తినలేదు. లక్షమంది ఇంకా కావాలని అరుస్తుంటే, ఒక్కడు చాలన్నాడు. బావా, నీ మార్కులన్నీ నువ్వు ఎవరికైనా వేసుకో. నావి ఆ మూల నిలబడ్డవాడికి.