విద్యుత్పనికి గురువెవరు?

కమ్మరి కొడుకు కొలిమి యొద్దనే పెరుగును. వడ్రంగి బిడ్డ బాడిసెతో ఆడుకొనుచునే పని నేర్చును. ఏ శాసనమును, ఏ యొడంబడికయు లేకయే మన గ్రామములలో వృత్తివిద్య తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచు వచ్చినది. విద్యుచ్ఛక్తి కట్టి పరంపర లేదు. అది యే కులపు పనియు గాదు. అదియే దాని గొప్పతనము. దాని చిక్కును అదియే. 1955లో మాచ్‌ఖండ్ జలపాతమునుండి విద్యుత్తు ప్రవహింప నారంభించిన నాడు గాని, 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడిన నాడు గాని, స్తంభ మెక్కుటకు పుట్టుకచే హక్కు గలవా డెవ్వడును లేకుండెను. ఎవ్వడైనను నేర్వవచ్చును. నేర్పవలసినవా రెవ్వరు?

తిరువూరు ప్రాంతమున ఈ ప్రశ్నకు నేడు వచ్చుచున్న సమాధానము మనకు సంతోషకరమైనది కాదు. మామిడితోటకు మోటారు, ప్రత్తిచేనికి బోరు, ప్రతి యింటికి ఫ్రిజ్జు, ఫ్యాను వచ్చినవి. పనికి కొదువ లేదు. చదువు సాగని బాలుడు మోటారు రివైండింగు కొట్టులోనో, వైరింగు మేస్త్రీ వెంబడినో చేరును. రెండేండ్లు నిచ్చెన పట్టును, గోడలకు గాడి కొట్టును, టీ తెచ్చును. మేస్త్రీ దయగలవాడైన పండుగకు బట్టలు పెట్టును. ఇట్లు నేర్చినవాడు తీగెలు కలుపగలడు గాని, ఎర్తింగు ఎందు కుండవలెనో యెరుగడు. ఫ్యూజు పోయిన రాగితీగె నాలుగు పేటలు చుట్టుట నేర్చును. అధిక ప్రవాహము వచ్చినప్పుడు తెగిపోవుటయే ఆ ఫ్యూజు ధర్మమని యెవ్వరు నతనికి చెప్పరు. పిమ్మట తడిచేతితో స్టార్టరు పెట్టె ముట్టుకొన్న రైతు చనిపోయెనని వార్త వచ్చును. దానిని విధివ్రాత యని మన మనుకొందుము. పిడుగు విధివ్రాత కావచ్చును. ఎర్తులేని పెట్టె విధివ్రాత యెట్లగును?

ఈ బాలున కొక దారి శాసనములో నున్నది. వృత్తి శిష్యరికమును గూర్చి ఈ దేశమున తొలిసారి 1850లో చట్టము చేయబడినది. అనాథబాలురను, ధర్మాశ్రయమున పెరిగిన పేదబిడ్డలను పనికి కట్టివేయుట దాని తలంపు. స్వతంత్ర భారత పార్లమెంటు దానిని రద్దుపరచి 1961లో అప్రెంటిసుల చట్టమును చేసెను. దీని ప్రకారము యజమానికిని శిష్యునకును వ్రాతమూలకమైన ఒడంబడిక జరుగవలెను. శిష్యుడు మైనరైనచో సంరక్షకుడు సంతకము చేయవలెను. ఆ పత్రము రిజిస్టరు కావలెను. నేర్చు కాలమునందు భృతి యీయక తప్పదు. 2019లో సవరింపబడిన నిబంధనలు నెలకు కనీసము 5,000 మొదలు 9,000 రూపాయల వరకు తరగతులవారీగ ఏర్పరచినవి, ఐ.టి.ఐ. యోగ్యతాపత్రము గలవానికి 7,000. 2016లో ప్రారంభమైన జాతీయ ప్రోత్సాహక పథకము క్రింద భృతిలో నాల్గవవంతు, 1,500 రూపాయలకు మించకుండ, కేంద్రప్రభుత్వము భరించుట కేర్పాటయినది.

న్యాయవాదులమగుటచే ఒక్క సంగతి విప్పి చెప్పక తప్పదు. చట్టపు 18వ సెక్షను ప్రకారము అప్రెంటిసు శిక్షణార్థియే గాని శ్రామికుడు కాడు. కార్మికచట్టము లతనికి వర్తింపవు. అయినను పనిలో దెబ్బతగిలిన నష్టపరిహారమునకు 16వ సెక్షను అతనికి హక్కిచ్చుచున్నది. ఫ్యాక్టరీలలో ఆరోగ్యము, భద్రత శ్రామికులతో సమానముగ చూడవలెనని 14వ సెక్షను చెప్పుచున్నది. మేస్త్రీ వెంట నడచు బాలుని చేతిలో ఇట్టి కాగిత మొక్కటియు లేదు. శిక్షణ ముగిసిన పిమ్మట ఉద్యోగ మిచ్చి తీరవలెనని మాత్రము చట్టము నిర్బంధింపలేదు. ఈ సందును బట్టి, ఏటేట క్రొత్త శిష్యులను చేర్చుకొని శాశ్వతోద్యోగుల పని వారిచే చేయించు పెద్దసంస్థలు లేకపోలేదు. చీపురు పట్టించి సంవత్సరము గడపి ధ్రువపత్ర మిచ్చుట శిక్షణ యనిపించుకొనదు.

తిరువూరునకు ప్రత్యేకమైన కష్టము వేరు. ముప్పదిమందియు అంతకు పైబడియు పనివారు గల సంస్థలే అప్రెంటిసులను తప్పక చేర్చుకొనవలెను. అట్టివి మన యూర నెన్ని? ఇబ్రహీంపట్టణమున నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రము గలదు. విజయవాడలో రైల్వేవారి ఎలక్ట్రిక్ లోకోషెడ్డు గలదు. తిరువూరు బాలుడు మైలవరము దాటి పోవలెను. 7,000 రూపాయలలో గది యద్దె, భోజనము, దారిఖర్చు పోగా ఇంటికి పంపుట కేమి మిగులును? కౌలురైతు బిడ్డ లెక్కవేసికొని, దినకూలియే మేలని మేస్త్రీ వెంటనే నిలిచిపోవుచున్నాడు. అతనిని సోమరి యనుట అన్యాయము.

మన పెద్దమనుష్యులు గమనింపని సదుపాయ మొకటి చట్టములోనే యున్నది. నలుగురు మొదలు ఇరువదితొమ్మండుగురు వరకు పనివారు గల సంస్థలు తమ యిష్టముచే అప్రెంటిసులను తీసికొనవచ్చును. పలువురు యజమానులు కలిసికొని, శిష్యుని ఒకరి చోటునుండి మరియొకరి చోటునకు త్రిప్పుచు శిక్షణ నీయవచ్చును. రైసుమిల్లులో మోటార్లు, ప్రత్తి జిన్నింగు మిల్లులో ప్యానెలుబోర్డు, లైసెన్సుగల కాంట్రాక్టరు నొద్ద గృహముల వైరింగు: ఇవి యన్నియు కలిసిన ఒక మంచి పాఠశాల యగును. విద్యుత్పంపిణీ సంస్థవారు ట్రాన్సుఫార్మర్ల పని చూపుటకు మార్గ మేర్పరచిన లోటే యుండదు. జర్మనీలో బాలుడు వారములో కొన్నిదినములు కార్ఖానాలోను, ఒకటి రెండు దినములు పాఠశాలలోను గడపి మూడున్నర యేండ్లకు ఎలక్ట్రీషియ నగును. అక్కడ నేర్పువారిలో చిన్న దుకాణదారులును గలరు.

మనకిది పరాయి తలంపును గాదు. న్యాయవాద వృత్తిని విడిచిన కోపల్లె హనుమంతరావుగారు 1910లో బందరున స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో పుస్తకముతోపాటు పనిముట్టును బాలురచేతి కిచ్చిరి. ఆనాడు కృష్ణాజిల్లాకు పట్టిన యా యుత్సాహము, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మన తిరువూరునకు ఏల పట్టరాదు? బాలికలను చట్టము మినహాయింపలేదు; మినహాయించినవారము మనమే.

మిల్లు యజమానులును, కాంట్రాక్టర్లును, ఐ.టి.ఐ. అధ్యాపకులును, విద్యుత్పంపిణీ సంస్థ యింజనీర్లును ఈ యేటి ఐ.టి.ఐ. పరీక్షలు ముగియులోపుగా ఒక్కచోట కూర్చుండవలెను. ఎవరెవ రెందరిని తీసికొనగలరో అచ్చటనే వ్రాసికొనవలెను. తమ కొట్టులలో నేర్చి ఆరితేరిన మేస్త్రీలను పిలువక మానరాదు. వారి చేతినైపుణ్యము లేనిదే ఈ పని సాగదు, వారికిని వైరుమాను పర్మిట్టు సంపాదించుకొను దారి దొరకును. ఒడంబడిక పత్రమును తెలుగున చదివి తల్లిదండ్రులకు వినిపించుటకు న్యాయవాదులము మేము ఏ ఆదివారము రమ్మన్నను వత్తుము. పఠనమందిరము తలుపు తెరచి యుంచిన చాలును.