తైవాన్ స్ప్రేయరుకు కావలసింది నూనె పంపు కాదు, కొలపాత్ర

పిచికారీపై జరిగే క్షేత్ర ప్రయోగాలలో ఎకరానికి పట్టే నీరు, నాజిల్ రకం, మందు మోతాదు, పిచికారీ చేసే మనిషి నడక వేగం అన్నీ కొలతకు వస్తాయి. వీటన్నిటినీ నడిపించే చిన్న ఇంజినులో పెట్రోలుతో పాటు ఎంత నూనె పోశారన్నది మాత్రం సాధారణంగా ఎవరూ నమోదు చేయరు. పొలం గట్టున ఆ కొలత సీసా మూతతోనో, కంటి అంచనాతోనో జరిగిపోతుంది. 2021-22లో మిరపను నల్ల తామర పురుగు ముంచెత్తినప్పుడు గుంటూరు, ఖమ్మం ప్రాంతాల రైతులు పదే పదే పిచికారీ చేయవలసి వచ్చింది. అటువంటి సమయంలో పిస్టన్ పట్టేసి ఇంజిను నిలిచిపోతే పోయేది మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు. పురుగు పూతలో ఉండగా చేతికి అందవలసిన రోజు పోతుంది.

పూర్తిగా నిలిచిపోకపోయినా నష్టం ఉంది. తైవాన్ స్ప్రేయరులో ఇంజిను ఒక చిన్న పంపును తిప్పుతుంది. వేగం తగ్గితే నాజిల్ నుంచి వచ్చే ద్రవం తగ్గుతుంది. గాలితో మందు చిమ్మే మిస్ట్ బ్లోయరులోనైతే ఫ్యాను వేగం తగ్గిన మేరకు గాలి తగ్గి, తుంపరలు లావవుతాయి. నడిచే మనిషి అదే వేగంతో నడుస్తూనే ఉంటాడు. సిఫారసు చేసిన మోతాదు కాగితం మీద ఉంటుంది, ఆకు మీద పడినది వేరుగా ఉంటుంది.

ఈ చిక్కును మోటారు సైకిళ్ల పరిశ్రమ ఎప్పుడో పరిష్కరించిందని, రైతు యంత్రానికి కూడా అదే పద్ధతి తేవచ్చునని వాదించడం సులువే. యమహా సంస్థ 1964లో వైఏ-6 మోటారు సైకిలుతో ఆటోల్యూబ్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. నూనెకు వేరే ట్యాంకు, దానికొక చిన్న పంపు. ఇంజిను తిరిగే వేగాన్నీ, థ్రాటిల్ తెరచిన మేరనూ అనుసరించి పంపు నూనెను అందిస్తుంది. మన రోడ్ల మీద ఆర్‌ఎక్స్ 100 నడిపినవారికి సీటు కింద ఉండే ఆ నూనె ట్యాంకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలో పొలాలలోనూ పశుక్షేత్రాలలోనూ తిరిగే నాలుగు చక్రాల ఏటీవీలలో కూడా ఈ పద్ధతి వచ్చింది. పొలారిస్ సంస్థ 1985లో తెచ్చిన తొలి ఏటీవీలు రెండు స్ట్రోకుల ఇంజినుతో, నూనె పంపుతోనే వచ్చాయి.

అసలు నూనెను వేరుగా అందించవలసిన అవసరం ఎందుకు కలిగింది? నాలుగు స్ట్రోకుల ఇంజినులో నూనె అడుగున నిలిచి ఉండి తిరిగి తిరిగి వాడుకలోకి వస్తుంది. రెండు స్ట్రోకుల ఇంజినులో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం క్రాంక్ గది గుండానే సిలిండరుకు చేరుతుంది. కాబట్టి అక్కడ నూనె నిలవ ఉండే వీలు లేదు. బేరింగులకూ పిస్టన్‌కూ తడి తగలాలంటే నూనె ఇంధనంతో పాటు ప్రయాణించి, పని ముగిశాక కాలిపోవాలి, లేదా పొగగా బయటికి పోవాలి. ఇంధనంలోనే కలిపితే ఒక లోపం ఉంది. వాహనం పల్లంలోకి దిగేటప్పుడు థ్రాటిల్ మూసి ఉంటుంది, చక్రాలు మాత్రం ఇంజినును వేగంగా తిప్పుతుంటాయి. పెట్రోలు అందదు, దానితో వచ్చే నూనే అందదు. పంపు ఇంజిను వేగాన్ని కూడా అనుసరిస్తుంది కనుక ఆ సమయంలో కొంత నూనె అందుతుంది. నింపాదిగా తిరిగేటప్పుడు నూనె తగ్గించి పొగనూ తగ్గిస్తుంది.

అయినా ఏటీవీ నడిపేవారిలో చాలామంది ఆ పంపును తీసివేశారు. యమహా బ్లాస్టర్ 200 యజమానులు పంపు స్థానంలో మూత బిగించి, మిశ్రమ ఇంధనానికి మారడం సర్వసాధారణమైంది. కారణం చాదస్తం కాదు. పంపు ఆగినా, గొట్టంలో గాలి బుడగ చేరినా, కేబుల్ సర్దుబాటు తప్పినా ఇంజిను ఏ హెచ్చరికా ఇవ్వదు. పట్టేసిన తరువాతే తెలుస్తుంది. మిశ్రమంలోనైతే పెట్రోలు చేరినంత సేపు నూనె చేరుతుంది. కానీ పంపు తీసివేసినవారు ఒక సంగతి గ్రహించవలసి వచ్చింది. అంతవరకు కార్బ్యురేటరు జెట్టు గుండా శుద్ధమైన పెట్రోలు వెళ్లేది. ఇప్పుడు అదే రంధ్రంలో కొంత భాగాన్ని నూనె ఆక్రమిస్తుంది. జెట్టు మార్చి మళ్లీ ట్యూనింగ్ చేయకపోతే మిశ్రమం పలచబడుతుంది.

స్ప్రేయరుకు ఈ రెండు పక్షాలలో ఏది తగును? స్ప్రేయరు పల్లంలో దిగదు. చక్రాలు దానిని తిప్పవు. ట్యాంకు నిండినప్పటి నుంచి అయిపోయేవరకు దాదాపు ఒకే వేగంతో, ఒకే భారంతో నడుస్తుంది. పంపు ఇవ్వగల ముఖ్య ప్రయోజనం దీనికి అక్కరలేదు. పైగా లెక్క చూడాలి. గంటకు ముప్పావు లీటరు పెట్రోలు తాగే ఇంజినుకు 1:50 పాళ్లలో కావలసిన నూనె గంటకు 15 మి.లీ. అంటే నిమిషానికి పావు మి.లీ., సుమారు అయిదు చుక్కలు. దుమ్ము, మందు తడి, మోటు చేతుల మధ్య నిమిషానికి అయిదు చుక్కలను ఏళ్ల తరబడి తప్పకుండా కొలిచే పంపును తక్కువ ధర యంత్రంలో ఆశించడం దురాశే. ఒక నలుసు చాలు. కాబట్టి స్ప్రేయరుకు మిశ్రమ ఇంధనమే సరైనది. తప్పు పద్ధతిలో లేదు, కొలతలో ఉంది.

కొలతలో జరిగే తప్పు రెండు వైపులా ఉంటుంది. తక్కువ పోస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎక్కువ పోస్తే ఇంజినుకు మంచిదే అన్న నమ్మకమే మొండిది. లీటరుకు 20 మి.లీ. చెప్పిన యంత్రానికి 40 మి.లీ. పోస్తే స్పార్క్ ప్లగ్గు నూనెతో తడుస్తుంది, సైలెన్సరులోనూ పొగ వెళ్లే రంధ్రంలోనూ మసి పేరుకుని బలం తగ్గుతుంది, వీపున యంత్రం మోసే మనిషి ఆ పొగ పీలుస్తాడు. ఇది కనిపించే నష్టం. జెట్టులో పెట్రోలు వాటా సుమారు రెండు శాతం తగ్గడం కనిపించని నష్టం. రెండు శాతం స్వల్పమే. కానీ అది ఒంటరిగా రావడం లేదు.

జీవ ఇంధన విధానాన్ని 2022లో సవరించి, పెట్రోలులో 20 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపారు. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి వచ్చే ఆ ఇథనాల్ రైతుకు మార్కెట్ కల్పించిందన్నది నిజం. అదే రైతు స్ప్రేయరు ఇంజినుకు మాత్రం అది కొత్త పరీక్ష. పెట్రోలు పూర్తిగా కాలడానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. ఇరవై శాతం కలిసిన ఇంధనానికి సుమారు 13.5 రెట్లు. అంటే పాత పెట్రోలుకు సరిపడేలా అమర్చిన జెట్టుతో ఇంజిను ఏడెనిమిది శాతం పలచని మిశ్రమం మీద నడుస్తుంది. దానికి ఎక్కువ నూనె వల్ల వచ్చే రెండు శాతం తోడైతే వేసవి ఎండలో గాలితో చల్లబడవలసిన చిన్న సిలిండరుకు ఊరట ఎక్కడిది?

పలచని మిశ్రమంలో మరొక మోసం ఉంది. పట్టేయడానికి ముందు ఇంజిను బాగా పాడుతుంది. చప్పుడు పదునెక్కుతుంది, వేగం పెరుగుతుంది, పొగ తగ్గుతుంది. యంత్రం ఈ రోజు భేషుగ్గా ఉందని అనిపించే క్షణమే ప్రమాదకరమైనది. అనుభవమున్న మెకానిక్కు చెవిని నమ్మడు. ప్లగ్గు తీసి చూస్తాడు. లేత ఇటుక రంగు ఉంటే సరి, తెల్లగా ఉంటే మిశ్రమం పలచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన లేదా నూనె ఎక్కువ. ఈ పరీక్షకు ప్లగ్గు పానా తప్ప మరేదీ అక్కరలేదు. శిక్షణ తరగతుల్లో నాజిల్ అమరికకు ఇచ్చే సమయంలో సగం దీనికి ఇచ్చినా మేలు.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి డబ్బా అడుగున వేరుగా పొరకడతాయి. పైన నూనెతో ఉన్న పెట్రోలు, అడుగున నూనె దాదాపు లేని ద్రవం. ఇంజినుకు గొట్టం ముందుగా లాగేది అడుగుదాన్నే. గత పంటలో మిగిలిన మిశ్రమాన్ని తరువాతి పంటకు పోయడం ఇందుకే కూడదు. ఆ పంటకు అవసరమైనంతే కలిపి, మిగిలితే కార్బ్యురేటరుతో సహా ఖాళీ చేసి పెట్టాలి. ట్రాక్టరుకు తెచ్చిన ఇంజిను ఆయిలును కలిపే అలవాటు కూడా అక్కడక్కడా ఉంది. ఆ నూనె కాలిపోవడానికి తయారైనది కాదు. అందులోని లోహ లవణాలు బూడిదగా మిగిలి ప్లగ్గును చంపుతాయి. డబ్బా మీద జాసో ఎఫ్‌సి గాని ఎఫ్‌డి గాని ఉన్న టూ-టి నూనె కొనాలి.

నగరానికి ఈ కొలత ఎప్పుడో వచ్చింది. ఢిల్లీ వాయు కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు 1998 జులై 28న ఇచ్చిన ఉత్తర్వులో, ఆ ఏడాది చివరికల్లా బంకుల్లో రెండు స్ట్రోకుల వాహనాలకు ముందే కలిపిన పెట్రోలు మాత్రమే పోయాలని ఆదేశించింది. ఆటో డ్రైవరు చేతి అంచనా మీద నగరం ఊపిరిని వదిలిపెట్టరాదని కోర్టు భావించినట్లే లెక్క. వీపున ఇంజిను మోసే కూలీ ఊపిరికి అంత పట్టింపు ఎవరికీ కలగలేదు.

పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. సబ్సిడీపై ఇచ్చే ప్రతి యంత్రంతో, లీటరు గీత, నూనె గీత ఉన్న కలిపే సీసా ఒకటి తప్పనిసరి చేయాలి. లీటరు పెట్రోలుకు సరిపడే 20 మి.లీ. నూనె పొట్లాలు పురుగుమందుల దుకాణంలోనే దొరకాలి. యంత్రం మీద ఉండే పాళ్ల సూచన తెలుగులో, చెరగని అక్షరాలలో, 1:50 అని కాకుండా లీటరుకు ఇన్ని మి.లీ. అని ఉండాలి. తయారీదారు ఆ ఇంజిను జెట్టును ఏ ఇంధనానికి అమర్చారో అక్కడే చెప్పాలి. 20 శాతం ఇథనాల్‌కు సరిపోకపోతే మార్చుకోవలసిన జెట్టును పెట్టెలోనే ఇవ్వాలి. బ్యాటరీ స్ప్రేయర్లు వస్తున్నాయి కదా, ఇదంతా ఎందుకని అడగవచ్చు. పెసర, మినుము చేలకు అవి చాలు. ఎత్తు పెరిగిన పత్తిలోనూ, మామిడి తోటలోనూ రైతు చేతిలో ఇంకా ఈ ఇంజినే ఉంది.

అద్దె యంత్ర కేంద్రాల విషయం మరీ తొందరగా చూడవలసినది. అక్కడ ఒకే స్ప్రేయరును వారంలో ఆరుగురు వాడుతారు, ఆరుగురూ ఆరు కొలతల్లో నూనె పోస్తారు. ఇంజిను పట్టేసిన రోజున చివరగా తీసుకున్న రైతు మీద తప్పు పడుతుంది. కేంద్రమే మిశ్రమాన్ని కలిపి, తేదీ రాసిన డబ్బాలో యంత్రంతో పాటు ఇచ్చి, దాని ధరను అద్దెలో కలుపుకుంటే ఆ తగవు ఉండదు.